465 జీబీల ఆస్తి

తీగ వేలాడే వస్తువు దేన్నైనా పారెయ్యాలంటే మగవాడికి చెయ్యి రాదు. మీ ఇంట్లోనూ అలాంటి సొరుగు ఒకటి ఉండే ఉంటుంది, బుకాయించకండి. ఏ ఫోనుదో తెలియని ఛార్జరు, ఏ టీవీదో మరిచిపోయిన రిమోటు, ఒక్క చెవిలోనే పాట వినిపించే ఇయర్‌ఫోన్లు. "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న ఒక్క మాట ఆ సొరుగు మొత్తాన్నీ కాపాడుతూ ఉంటుంది. మా ఇంట్లో దానికి మా ఆవిడ "మీ నాన్నగారి మ్యూజియం" అని పేరు పెట్టింది. అమ్మాయితోనే అంటుంది గానీ, నాకు వినపడేలా అంటుంది.

ఆ మ్యూజియంలో చేరాల్సిన హార్డ్ డిస్కు ఒకదాన్ని దారిలో ఆపి, దానికి మళ్ళీ కొలువు ఇప్పిద్దామని నేను పూనుకున్నాను.

మా కంప్యూటరు బాగా పాతది. స్విచ్ వేసి, పాలు పొయ్యి మీద పెట్టి, కాఫీ కలుపుకుని, పేపర్లో సంపాదకీయం కూడా చదివేసి వస్తే అప్పటికి స్క్రీన్ మీద బొమ్మలు ఒక్కొక్కటే వచ్చి కూర్చునేవి. నాకేమీ ఇబ్బంది లేదు. దాని పుణ్యాన సంపాదకీయాలు చదివే అలవాటు అబ్బింది. ఇంజనీరింగ్ ఆఖరి ఏడు చదువుతున్న మా అమ్మాయికే ఓపిక నశించింది. సికింద్రాబాద్‌లో కంప్యూటరు సామాను అమ్మే సీటీసీకి వెళ్ళి అరచేతిలో పట్టే ఎస్‌ఎస్‌డీ ఒకటి, 256 జీబీది, కొనుక్కొచ్చింది. పాత డిస్కు కేబుళ్ళు పీకేసి, కొత్తదాన్ని తగిలించి, విండోస్ మళ్ళీ మొదట్నించీ ఎక్కించింది. ఇప్పుడు నేను కుర్చీ లాక్కునేలోపు కంప్యూటరు సిద్ధం.

"పాతది పీకడం దేనికి? రెండూ ఉండగానే ఎక్కించొచ్చుగా" అని సలహా ఇచ్చాను. ఏదో ఒకటి చెప్పకపోతే తండ్రినెలా అవుతాను?

"రెండూ ఉంటే బూట్ ఫైళ్ళు పోయి పాతదాంట్లో కూర్చున్నా కూర్చుంటాయి నాన్నా. రేపు పాతది తీసేస్తే కొత్తది లేవదు" అంది.

నాకు తెలిసిన సంగతే అన్నట్టు తలూపాను. అలా తలూపడం ఆఫీసులో నేర్చిన విద్య. ఇప్పటికీ అన్నం పెడుతోంది.

ఇక మిగిలింది పాత డిస్కు. 500 జీబీది. మా ఆవిడ మ్యూజియం సొరుగు తెరిచింది. నేను అడ్డం నిలబడ్డాను. "దీన్ని సొరుగులో పడేస్తావా? 500 జీబీ! మళ్ళీ తగిలించి అదనపు స్టోరేజీగా వాడుకుందాం. పైసా ఖర్చు లేదు."

ఆ ఊపులో కాస్త చరిత్ర కూడా చెప్పాను. 1956లో ఐబీఎం వాళ్ళు మొట్టమొదటి హార్డ్ డిస్కు తయారుచేశారు, దాని బరువు టన్ను దాకా ఉండేది, లోపల 24 అంగుళాల వెడల్పున్న రేకులు 50 తిరుగుతూ ఉండేవి, అంతా కలిపి పట్టేది సుమారు 5 ఎంబీ అని. ఆశ్చర్యపోతుందని చూశాను. "అంటే నా ఫోన్‌లో సంక్రాంతి ముగ్గు ఫొటో ఒక్కటి పడుతుందన్నమాట" అంది. లెక్క చూస్తే సరిగ్గా అంతే. చరిత్రని అక్కడితో ఆపేశాను.

మర్నాడు అమ్మాయి కాలేజీకి వెళ్ళాక పనికి దిగాను. సాటా కేబుల్ ఇంకోటి లేకపోతే డీవీడీ డ్రైవ్‌ది పీకి దీనికి పెట్టాను. బోర్డు మీద వరసగా సాకెట్లున్నాయి. పాతది, వయసులో పెద్దది కదా అని మొదటి సాకెట్టు దానికిచ్చి, ఎస్‌ఎస్‌డీని రెండోదాంట్లోకి జరిపాను. డిస్కుని బిగించే మరలు దొరకలేదు. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే వస్తువాయె, ఊరికే పెడితే పెట్టెంతా గుయ్యిమంటోంది. కింద పాత ఆదివారం అనుబంధం ఒకటి మడిచి పెట్టాను. గుయ్యిమనడం ఆగింది.

"అది మీ కథ పడిన అనుబంధం కాదూ?" అంది మా ఆవిడ.

తీసి చూశాను. అదే. ఇంట్లో పదిలంగా దాచుకున్న ఒకే ఒక్క కాపీ. తీసేద్దామంటే మళ్ళీ గుయ్యిమంటోంది. "ఉండనీండి, దేనికో దానికి పనికొచ్చింది" అంది. నా మాటే నాకు అప్పజెప్పింది.

ఆ పూట ఎస్‌ఎస్‌డీయే ముందు లేచేలా సెట్టింగుల్లో నేనే మార్చుకున్నాను. ఆ మాత్రం నాకూ వచ్చు. విండోస్ తెరుచుకుంది, పాత డిస్కు పక్కన వేరే డ్రైవ్‌గా కనపడింది. మా ఆవిణ్ణి పిలిచాను. "చూశావా, మన ఆస్తి!"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. "465 అని ఉంది?"

"అంటే... కంపెనీ వాళ్ళు వెయ్యికో మెట్టు చొప్పున లెక్కేస్తారు. 50 వేల కోట్ల బైట్లని వాళ్ళు 500 జీబీ అంటారు. విండోస్ 1,024కో మెట్టు చొప్పున లెక్కేస్తుంది. దాని లెక్కలో అది 465. ఎవరూ తప్పు కాదు."

"పాలవాడు లీటరుకి 930 మిల్లీలీటర్లు పోసి, నా లెక్క వేరమ్మా అంటే ఊరుకుంటారా?"

ఊరుకోను. కానీ పాలవాడు నాతో ఎప్పుడూ అలా అనలేదు, ఈవిడతో అసలే అనడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు సుఖంగా గడిచాయనే అనుకున్నాను. మా బావమరిది వచ్చాడు. వాడి ముందు కంప్యూటరు వేసి చూపించాను. "ఎస్‌ఎస్‌డీ అంటే ఇదిరా. ఇందులో తిరిగే రేకులుండవు, అంతా చిప్పులే. చూశావా ఎలా పరిగెడుతోందో!" వాడు కాఫీ ముగించాడు. స్క్రీన్ మీద నీలం చక్రం తిరుగుతూనే ఉంది. "మునుపు ఇంకా ఎక్కువసేపు పట్టేది" అన్నాను. నిజంగానే అలా అనిపించింది సుమండీ. డబ్బు పెట్టిన వస్తువు వేగంగానే కనిపిస్తుంది, అందులోనూ ఎదురుగా బావమరిది కూర్చున్నప్పుడు. వాడు రెండో కాఫీ తాగి, "బావుంది బావా" అని లేచాడు.

సాయంత్రం అమ్మాయి వచ్చి, నా వెనక నిలబడి స్క్రీన్ చూసింది. "నాన్నా, ఈ వాల్‌పేపర్ ఎక్కడిది?"

తిరుమల వెళ్ళొచ్చినప్పుడు దిగిన ఫొటో. గుండుతో నేను, పక్కన నవ్వాపుకుంటూ మా ఆవిడ. ఎప్పట్నుంచో అదే కదా ఉంది.

"ఇది పాత విండోస్‌ది. కొత్తదాంట్లో నేను కొండల బొమ్మ పెట్టాను. నువ్వు పాత డిస్కు మీదే నడుపుతున్నావు."

ఇన్ని రోజులూ ఎస్‌ఎస్‌డీ వేగం అని నేను మురిసిపోయింది ఆ ముసలి డిస్కుని చూసే. బావమరిదికి ఈ సంగతి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

అది అంతటితో పోయిందా, లేదు. మా ఆవిడ అపార్ట్‌మెంట్‌లో ఆడవాళ్ళ చీటీ నడుపుతుంది. ఆ లెక్క ఎక్సెల్‌లో ఎక్కించి సేవ్ చెయ్యడం ఈ ఇంట్లో నాకున్న ఏకైక పోర్ట్‌ఫోలియో. చీటీ ఫైలు పాత డెస్క్‌టాప్ మీద ఒకటి, కొత్త డెస్క్‌టాప్ మీద ఒకటి ఉంది. ఏ విండోస్ లేస్తే ఆ ఫైల్లో ఎక్కించుకుంటూ పోయాను. ఒకదాంట్లో మూడో అంతస్తు పిన్నిగారు డబ్బు కట్టేశారు, ఇంకోదాంట్లో కట్టలేదు. కట్టలేదన్నది చూసి మా ఆవిడ వెళ్ళి అడిగింది. పదేళ్ళుగా చీటీ నడుపుతున్న మనిషి, ఒక్క మాట పడని మనిషి, నా మూలాన మెట్ల మీద నిలబడి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రాత్రి మా ఇంట్లో భోజనాల దగ్గర ఎవరూ ఏమీ వడ్డించలేదు. ఎవరిది వాళ్ళం వడ్డించుకున్నాం. నాకు పప్పు గిన్నె అందలేదు.

అసలు ఎందుకిలా అవుతోందో అమ్మాయి చెప్పింది. స్విచ్ వెయ్యగానే కంప్యూటరు డిస్కుల్ని వరసగా పలకరిస్తుందట. ముందున్న దాంట్లో విండోస్ ఉంటే అదే లేస్తుంది, కొత్తదా పాతదా అని దానికి పట్టింపు లేదు. నేను వరస మార్చిన మాట నిజమే. ఆ మార్పుని గుర్తుపెట్టుకోవడానికి బోర్డు మీద చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది. అది ఏనాడో చచ్చిపోయింది. గోడ మీద స్విచ్ ఆపినప్పుడల్లా కంప్యూటరు అంతా మర్చిపోయి, మొదటి సాకెట్లో ఉన్న పెద్దాయన్నే లేపుతోంది.

"గడియారం కూడా తప్పు చూపించి ఉండాలే?" అంది.

చూపించింది. రోజూ పొద్దున్నే 2012 జనవరి 1 అని వచ్చేది. నేనే సరిచేసేవాణ్ణి. ఆ ఏడు నాకు బాగానే గడిచింది కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు.

గోడ మీద స్విచ్ రోజూ రాత్రి ఆపేది ఎవరు? మా ఆవిడ. నాకు ప్రాణం లేచొచ్చింది. అసలు దోషి దొరికిందని నోరు తెరవబోయాను. ఈలోపు ఆవిడ అమ్మాయిని అడిగి ఆ బ్యాటరీ నంబరు, సీఆర్ 2032 అని కనుక్కుని, లోపలికి వెళ్ళి, నేను బరువు చూసుకునే మిషన్ వెనక మూత తీసి, అందులోని బిళ్ళ తెచ్చి చేతిలో పెట్టింది. సరిగ్గా అదే నంబరు. ఇంక ఎవర్నేమంటాం? అయితే ఆ రోజు నుంచీ నా బరువెంతో ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు. మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన లాభం అదొక్కటే.

ఎస్‌ఎస్‌డీ మొదటి స్థానంలో కుదురుకుంది. ఇక పాత డిస్కులో నా ఫోల్డరు తెరిచాను. నా పేరు మీద ఉన్న, నేను పెట్టుకున్న, నా ఫోల్డరు. "ఈ ఫోల్డరు చూడటానికి మీకు అనుమతి లేదు" అంది. పేరు అదే, మనిషి అదే, పాస్‌వర్డు కూడా అదే. విండోస్ మనుషుల్ని పేరుతో కాదు, లోపల ఒక పొడుగాటి నంబరుతో గుర్తుపెట్టుకుంటుందట. కొత్తగా ఎక్కిస్తే కొత్త నంబరు. పాత నేను వేరు, కొత్త నేను వేరు. "కంటిన్యూ" నొక్కితే సరే రమ్మంది గానీ, ఆకుపచ్చ గీత మెల్లిగా పాకుతూ చాలాసేపు నా పూర్వాపరాలు విచారించింది.

లోపలికి వెళ్ళాక తెలిసింది, నా ఆస్తిలో ఖాళీ జాగా లేదు. "న్యూ ఫోల్డర్", "న్యూ ఫోల్డర్ 2", "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఇదే ఫైనల్". "పాత సి డ్రైవ్" అని ఒకటి, దాని లోపల ఇంకో "పాత సి డ్రైవ్". అంతకుముందు కంప్యూటర్లోదీ, దానికి ముందు కంప్యూటర్లోదీ. ఒకే పెళ్ళి వీడియో మూడు చోట్ల. వీటికి తోడు పాత విండోస్ ఫోల్డరు. ఇక అది ఎవరికీ అక్కర్లేదు కదా అని డిలీట్ కొట్టాను. ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనుమతి కావాలంది.

"ఆయనెవరు?" అంది మా ఆవిడ.

"తెలీదు."

"మీకు తెలీకుండా ఇంకొకాయన ఇంట్లో పెద్దరికం చేస్తున్నాడన్నమాట."

నాకు తెలీకుండా ఎవరో ఒకరు పెద్దరికం చెయ్యడం ఈ ఇంట్లో కొత్తేం కాదు. పైకి అనలేదు.

నా కథలు కూడా కనిపించాయి. అన్నీ అను ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంట్లు కొత్త విండోస్‌లో లేవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టిన పద్ధతి అది. ఫాంటు లేకపోతే తెలుగు మాయమై, కింద ఉన్న ఇంగ్లీషు అక్షరాలూ డాలరు గుర్తులూ కొక్కేలూ బయటపడతాయి. నా ప్రసిద్ధ కథ (మా బంధువుల్లో ప్రసిద్ధం) పేజీ నిండా అలా పరుచుకుని ఉంది. మా ఆవిడ భుజం మీదుగా చూసి, "ఇలాగే పంపండి. అర్థం కాకపోతే తప్పు తమదేననుకుంటారు" అంది.

మొత్తం తుడిచేసి ఫార్మాట్ చేస్తేనే స్టోరేజీ అని తేలింది. తుడిచేలోపు ఉన్న సామాను ఎక్కడైనా దింపాలి. 256 జీబీ ఎస్‌ఎస్‌డీలో పట్టదు. కాబట్టి, పైసా ఖర్చు లేని ఆ 500 జీబీని ఖాళీ చెయ్యడానికి బయట పెట్టుకునే డిస్కు, 1 టీబీది, కొనాల్సి వచ్చింది. తెచ్చి తగిలిస్తే 931 చూపించింది. "పెద్దది కొంటే పెద్దగానే పోతుంది" అంది ఆవిడ. ఈసారి నేను 1,024 ఊసెత్తలేదు. రాత్రంతా కాపీ అవుతుందని గోడ స్విచ్ మీద "ముట్టుకోవద్దు" అని కాగితం అంటించాను. ఆవిడ ముట్టుకోలేదు. పొద్దున్నే ఫ్యాన్ స్విచ్ అనుకుని నేనే ఆపాను. రెండో రాత్రి మళ్ళీ కాపీ పెట్టాం.

మీకిది ఇప్పటికే తట్టి ఉంటుంది. 1 టీబీ డిస్కు ఇంట్లోకి వచ్చాక ఇంక 500 జీబీది దేనికి? నాకూ తట్టింది. కానీ అప్పటికి అది స్టోరేజీ సంగతి దాటిపోయింది, పరువు సంగతి అయింది.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాను. పెద్ద భాగం మాట వింది. చివర్న చిన్నగా రికవరీ భాగం ఒకటి ఉంది. దాని మీద రైట్ క్లిక్ చేస్తే "హెల్ప్" అన్న మాట తప్ప మరేమీ రాలేదు. దానికి కావాలో నాకు కావాలో అర్థం కాలేదు. ఇలాంటి మొండి భాగాలు పోవాలంటే డిస్క్‌పార్ట్ అనే నల్ల కిటికీలోకి వెళ్ళాలి. "లిస్ట్ డిస్క్" అంటే డిస్కులన్నీ వరసగా చూపిస్తుంది, "సెలెక్ట్ డిస్క్" అని నంబరు కొట్టి, "క్లీన్" అంటే చాలు. మిగతా విండోస్ అంతా ప్రతిదానికీ "నిజంగానా?" అని అడుగుతుంది గదా, ఇది అడగదు. విండోస్ నడుస్తున్న డిస్కునైతే తుడవనంటుంది. మిగతావాటికి పూచీ మనదే.

నంబర్లు ముందే కాగితం మీద రాసుకున్నాను. 0 అంటే ఎస్‌ఎస్‌డీ, 1 అంటే పాతది, 2 అంటే బయట డిస్కు. చేతులు కాస్త వణికాయి, ఒప్పుకుంటాను. "సెలెక్ట్ డిస్క్ 2" అని కొట్టాను.

అలాంటి డిస్కు లేదంది.

"డిస్కు పోయిందే!" అని అరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఆ చిన్న పెట్టేనా? నేనే తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. మీరు నల్ల కిటికీ తెరుస్తారట, ముందు అది తీసి దాచమ్మా అని అమ్మాయి పొద్దున్నే చెప్పి వెళ్ళింది."

కాగితం మళ్ళీ చూసుకున్నాను. 1 అని కొట్టాను. క్లీన్. రెప్పపాటు కూడా పట్టలేదు. పెళ్ళి వీడియోలూ, పాత సి డ్రైవ్‌లూ, ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ గారూ అంతా పోయారు. నిజానికి డేటా అంతా రేకుల మీద అలాగే ఉంటుందట, మీదేదైనా రాసేదాకా. పోయింది జాబితా ఒక్కటే. ఫార్మాట్ చేశాను. ఎట్టకేలకు 465 జీబీల తెల్లటి ఖాళీ.

సాయంత్రం అమ్మాయి వచ్చి, "వాడే ముందు ఆరోగ్యం చూడాలి నాన్నా" అని క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పెట్టింది. డిస్కు తన జాతకం తనే రాసుకుంటుందని అప్పుడే తెలిసింది. పైన పసుపు రంగులో "కాషన్" అని ఉంది. కింద "పవర్ ఆన్ అవర్స్" అని 20,000 పైచిలుకు ఉంది.

"అంటే?" అంది మా ఆవిడ.

"ఇది ఇప్పటిదాకా అన్ని గంటలు నడిచిందమ్మా."

మా ఆవిడ చీటీ లెక్కల మనిషి. నోటితోనే 24తో భాగించింది. "రాత్రింబవళ్ళు లెక్కేస్తే రెండేళ్ళ పైమాట. ఇంత సేపు దీని ముందు కూర్చుని ఏం చేశారు?"

"కథలు రాశాను."

"అచ్చయినవి?"

"ఒకటి."

"అదిప్పుడు ఎక్కడుంది?"

డిస్కు కింద ఉందని ఆవిడకీ తెలుసు. సమాధానం చెప్పలేదు.

అమ్మాయి వ్యవహారంలోకి తీసుకొచ్చింది. ఆ పసుపు రంగుకి కారణం, కొన్ని చోట్ల రేకులు చెడిపోయి ఆ పని పక్కన దాచిపెట్టుకున్న చోట్లకి మార్చుకుందట. ఇంకా ఏళ్ళు నడవొచ్చు, రేపే ఆగిపోవచ్చు. "దీన్ని నమ్ముకుని ముఖ్యమైనవి పెట్టకండి. పోయినా ఫర్వాలేదు అనుకున్నవే పెట్టండి."

మా ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "నా చీటీ లెక్కలు కొత్తదాంట్లో పెట్టు. పెళ్ళి వీడియోలు బీరువాలో డిస్కులో ఉండనీ. దీంట్లో మీ నాన్నగారి కథలు పెట్టు."

"మరి అది ఆగిపోతే?" అన్నాను.

"ఆగిపోతే మళ్ళీ రాసుకోండి. 20,000 గంటలు కూర్చున్నవారు, ఇంకో పది గంటలు కూర్చోలేరా?"